సర్వేయరును నిర్మల్‌కు బదిలీ చేసింది నేనే

ఆ నవల పేరు నేనిక్కడ రాయను. రాస్తే తిట్టేవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. మొదటి విడత తిట్లే నాకింకా అరగలేదు. కథ మాత్రం చెప్తాను. గోదావరి కింది ఒడ్డున ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో పోస్టాఫీసు నడిపే ఒక అమ్మాయి, ఆనకట్ట కోసం భూములు కొలవడానికి వచ్చిన ఒక సర్వేయరు. మూడువందల పేజీల పాటు ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటారు. అతను రోజూ ఒక కార్డు కొనడానికి వస్తాడు. కొన్న కార్డు ఎవరికీ రాయడు. చివరికి కొలతలు అయిపోతాయి, అతను పడవెక్కుతాడు. ఆమె పొద్దంతా కూర్చుని రాసిన ఉత్తరానికి తన చేత్తోనే ముద్ర వేసి, టపా సంచిలో వేయకుండా డ్రాయరులో పెట్టి తాళం తిప్పుతుంది. అక్కడితో నవల అయిపోతుంది.

తెలుగు చదవడం వచ్చిన ఆడవాళ్లలో సగం మంది ఆ తాళం దగ్గర ఏడ్చారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పోస్టాఫీసు నీది. ముద్ర నీ చేతిలో ఉంది. సంచి నీ కాళ్ల దగ్గరే ఉంది. ఇంకేం కావాలమ్మా నీకు?

ఆ పుస్తకం నాకు దొరికింది మా అత్తమ్మ బీరువాలో. పెళ్లయిన మూడో నెలలో మా ఆయన మస్కట్‌కు వెళ్లిపోయాడు, ఏసీ మెషిన్లు బాగుచేసే పని మీద. కరీంనగర్‌లో మా రెండు గదుల ఇంట్లో నేనూ అత్తమ్మా మిగిలాం. ఇద్దరం అప్పటికింకా ఒకరికొకరం అలవాటు కాలేదు. ఆమె టీవీలో వార్తలు చదివేవాళ్లతో మాట్లాడేది, నాతో కాదు. ఏం తోచక ఒకరోజు బీరువా సర్దుతుంటే చీరల కింద ఇది కనిపించింది. లోపలి పేజీ మీద గుండ్రటి ఊదారంగు ముద్ర. మా మామ బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ వాళ్లు కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లు. అక్కడి క్లబ్బు లైబ్రరీ నుంచి అత్తమ్మ దీన్ని తెచ్చుకుని మళ్లీ ఇవ్వలేదు. వానకు తడిసి పాడైపోయిందని లైబ్రరీకి కాగితం రాసిచ్చిందట. పుస్తకం మీద ఒక్క చుక్క మరక లేదు.

చదవడం అయ్యాక వంటింట్లోకి వెళ్లి అడిగాను.

"అత్తమ్మా, గామె ఉత్తరం ఎందుకు వెయ్యలే?"

అత్తమ్మ జొన్నపిండి తడుపుతోంది. తల ఎత్తలేదు.

"వేస్తే ఏముంటది? పెండ్లయితది. పెండ్లయితే ఇగ నవలేముంటది?"

మా ఇద్దరి మధ్య జరిగిన మొదటి పొడుగు సంభాషణ అదే. ఆ నవల మీద ఆమెకున్న భక్తి నాకు ఆరోజే అర్థమైంది. కాబట్టి తరువాత నేను చేసిన పని ఆమెకు తెలియకుండా చేయాలని కూడా ఆరోజే నిర్ణయమైపోయిందనుకోవచ్చు.

నా ఉద్యోగం ఒక రక్తపరీక్షల కేంద్రంలో. రిపోర్టులు టైపు చేసి, ముద్ర వేసి, కవర్లో పెట్టి ఇవ్వాలి. టైపింగు వేగంగా వచ్చు, మధ్యాహ్నం జనం తక్కువ. ఫోనులో కథలు రాసుకునే ఒక యాప్ గురించి తెలిసింది. ఒక పువ్వు పేరు పెట్టుకుని మొదటి వాక్యం కొట్టాను: "డ్రాయరు తాళంచెవి పోయింది." అంతే, మిగతాది దానంతట అదే వచ్చింది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు డ్రాయరు బద్దలు కొట్టిస్తాడు. ముద్ర పడిన ఉత్తరం ఆపడం నేరమని చెప్పి సంచిలో వేస్తాడు. ఉత్తరం నాలుగు ఊళ్లు తిరిగి సర్వేయరును చేరుతుంది. అప్పటికి అతన్ని నిర్మల్‌కు బదిలీ చేశాను.

నిర్మల్ ఎందుకంటే, కింది గోదావరి నేను సినిమాల్లో తప్ప చూడలేదు. నిర్మల్ మా అత్తమ్మ పుట్టిల్లు. పండగలకూ పెళ్లిళ్లకూ వెళ్లినదాన్ని. అతను ఏ సందులో అద్దెకుంటాడో, ఎక్కడ చాయ్ తాగుతాడో నాకు తెలుసు. పోస్టమ్మను కూడా అక్కడికే రప్పించాను. ఐదో భాగంలో, ఉత్తరాలు వేరుచేసే బల్ల పక్కన, ముద్దు పెట్టించాను. మూడువందల పేజీలు ఆగినవాళ్లు ఇంకెంత ఆగుతారు? ఆ వారం నాకు వచ్చిన తిట్లు రెండు రకాలు. ఇంత పవిత్రమైన ప్రేమను మురికి చేశావని కొందరు. ఐదు భాగాలు ఎందుకు ఆలస్యం చేశావని ఇంకొందరు. రెండో రకం వాళ్లే ఎక్కువ.

ఉద్యోగం ఊడిపోయేంత పని ఒకసారి అయింది. ఫోను ఛార్జింగు అయిపోయి పన్నెండో భాగం ఆఫీసు కంప్యూటర్లో కొడుతున్నాను. ఒక పక్క కథ, ఒక పక్క రిపోర్టు. కాపీ చేసింది ఒకచోట, అతికించింది ఇంకోచోట. సాయంత్రం హుస్నాబాద్ వైపు నుంచి ఒక పెద్దాయన, తలకు తువ్వాలు, చేతిలో రిపోర్టు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, చక్కెర మంచిగనే ఉన్నదని డాక్టరు సారు చెప్పిండు. గని కింద గిదేందో రాసిండ్రు, సారుకు గూడ సమజైతలేదు."

షుగరు, క్రియాటినిన్ అంకెల కింద, ఇతర వివరాలు అన్న చోట, ఇలా ఉంది: "అతని ఊపిరి ఆమె చెవి వెనక తగిలింది. ఆమె కదల్లేదు."

"గిది గూడ నా రోగమేనా?" అన్నాడు పెద్దాయన.

కాదు బాపూ, వేరేవాళ్లది కలిసిపోయింది, అని రిపోర్టు లాక్కుని కొత్తది ఇచ్చాను. వేరేవాళ్లకు నయమవుతుందా అని అడిగి, నిజంగానే జాలిపడి వెళ్లాడు. మా ఓనరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తరువాత నుంచి ఫోనులో తప్ప రాయలేదు.

పద్దెనిమిదో భాగం దగ్గర ఒక కొత్త పాఠకురాలు చేరింది. పేరు "నిర్మల్ చిలుక". బొమ్మ కూడా చిలుకే. చెక్క చిలుక, ఎర్ర ముక్కు, ముక్కు కొస విరిగింది. నేను డ్యూటీలో కూర్చుని ఆ ముక్కు వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ చిలుక మా ఇంట్లో టీవీ మీద ఉంటుంది. ముక్కు విరగ్గొట్టింది నేనే, దుమ్ము దులుపుతూ.

చిలుక రాసిన మొదటి వ్యాఖ్య ఇది: "సర్వేయరు బస్సు దిగిన కాలంల బస్టాండు అక్కడ లేదు. తెలుసుకొని రాయవలెను."

ఇంటికి వెళ్తే అత్తమ్మ ఎప్పటిలాగే ఉంది. చిక్కుడుకాయ తుంచుతూ, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకుని. పక్కింటామె యాప్ పెట్టి ఇచ్చిందని తరువాత తెలిసింది. ఏం చదువుతున్నవ్ అత్తమ్మా అంటే, ఏం లేదు, వంటల ముచ్చట్లు, అంది. చిక్కుడుకాయ ఈనెలతో సహా గిన్నెలో పడుతోంది. ఆమె చూసుకోవడం లేదు.

ఆ నెలలో నేను చాలా భయపడ్డాను. అప్పటికే ఒక తప్పు చేసి ఉన్నాను మరి. నవలలో సర్వేయరు తల్లి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, ఊళ్లో అమ్మ ఉందని. నేను ఆమెను నిర్మల్‌కు తెచ్చి కొడుకు ఇంట్లో కూర్చోబెట్టాను. కథకు ఒక అత్త కావాలి. అత్తను ఊహించే ఓపిక నాకు లేదు, ఎదురుగా ఒకరున్నారు. అందుకని దించేశాను. లేవగానే అద్దం చూసుకుని తల దువ్వుకోవడం, చక్కెర డబ్బా దాచిపెట్టడం, "నాకేమద్దు" అంటూనే రెండోసారి వడ్డించుకోవడం, ఇతరుల కార్డులు చదివి "నేను సూడలే" అనడం. అన్నీ ఆమెవే. పేరు మాత్రమే పెట్టలేదు.

ఇంతలో ఆమె కంట్లో మోతిబిందు, అంటే శుక్లం, ముదిరింది. ఆపరేషన్ చేయించాం. నెల రోజులు ఫోను చూడొద్దు, తల వంచొద్దు, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు అన్నాడు డాక్టరు. మూడు రకాల చుక్కల మందు, ఒకటి వేశాక కాసేపు కళ్లు మూసుకుని పడుకోవాలి. నాలుగో రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న అత్తమ్మ తన ఫోను నా వైపు చాపింది.

"గీ ఫోన్ల ఒక కథ వస్తది. జర సదివి పెట్టు. మన బీరువల నవల లేదూ, దాని తర్వాతి ముచ్చట ఎవతో రాస్తుంది."

ఆ ఎవతో నల్లద్దాల ముందు నిలబడి విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది.

"గసొంటియి చదవద్దు అత్తమ్మా. మంచి నవలను ఖరాబ్ చేస్తరు."

"ఖరాబే చేసింది. ఎంత చేసిందో తెల్వాలె గద."

చుక్కలు వేసి పక్కన కూర్చుని ఇరవై మూడో భాగం తీశాను. ప్రాజెక్టు దగ్గర గెస్టుహౌసు, బయట వాన. ఆ భాగం ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి చదువుతూనే లోలోపల కత్తెర వేస్తున్నాను. "సర్వేయరు తలుపు గడియ పెట్టాడు," అని చదివి, మధ్యలో ఒకటిన్నర పేజీ దాటేసి, "బల్ల మీద టీ చల్లారిపోయింది," అన్నాను.

"ఆగు," అంది అత్తమ్మ, కళ్లు మూసుకునే. "టీ ఎప్పుడు పెట్టిన్రు?"

"ముందుగాలనే."

"పొగలు వస్తున్నయని సదివినవ్. గడియ పెట్టినంక చల్లారిందాంక ఏం జేసిన్రు?"

"మాట్లాడుకున్నరు."

"ఏం మాట్లాడుకున్నరు?"

"వానల గురించి. ఈ ఏడు పంటలు ఎట్లుంటయని."

అత్తమ్మ చెంప మీదికి జారిన మందుచుక్కను కొంగుతో అద్దుకుంది.

"గడియ పెట్టుకొని పంటల ముచ్చట చెప్పుకునేటోళ్లను నేను ఏడ సూడలే. ఉన్నది ఉన్నట్టు సదువు పిల్లా."

చదివాను. రిపోర్టులో అంకెలు చదివే గొంతుతో, ఎక్కడా ఎత్తకుండా దించకుండా. మెడ మీద ముద్దు, జారిన పైట, అతని వేళ్లు, ఆమె వేళ్లు. ఆ మాటలు రాసేటప్పుడు నాకు సిగ్గనిపించలేదు. మస్కట్ వాడు ఫోను చేసి కరెంటు బిల్లు వచ్చిందా అని అడిగి పెట్టేశాక, ఆ కోపంలో రాసిన భాగం అది. అత్తగారి ముందు గట్టిగా చదువుతుంటే మాత్రం ఒక్కొక్క అక్షరం మీద నా చెవులు కాలాయి. పూర్తయ్యేసరికి ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్న మనిషిలా ప్రశాంతంగా ఉంది.

"ఇగ కామెంటు రాయి," అంది. "ముద్దు మంచిగనే ఉన్నది. గని సర్వేయరు పొద్దంత ఎండల, బురదల తిరిగొచ్చిండు. నీళ్లు పోసుకోకుంట గడియెట్ల పెడతడు? గా పిల్లకు ముక్కు లేదా? గట్లనే రాయి."

రాశాను. ఆమె ఫోనులోంచి పంపించాను. ఆ క్షణంలోనే తలుపు పక్కన వేలాడుతున్న నా సంచిలో నా ఫోను టింగుమంది.

నల్లద్దాలు ఆ సంచి వైపు తిరిగాయి.

"నీకేదో వచ్చింది."

"కంపెనీ మెసేజ్ అత్తమ్మా."

తరువాతి భాగంలో సర్వేయరుకు స్నానం చేయించాల్సి వచ్చింది. బావి దగ్గర, చేదతో, మూడు పేజీలు. ముద్దు కంటే ఆ స్నానానికే పాఠకులు ఎక్కువ గుండె గుర్తులు పెట్టారు.

ఆ నెలంతా అలాగే నడిచింది. పొద్దున రాసేదాన్ని, మధ్యాహ్నం పెట్టేదాన్ని, సాయంత్రం ఎవరో రాసినట్టు ఆమెకు చదివి వినిపించేదాన్ని, ఆమె చెప్పిన తిట్లు నాకు నేనే టైపు చేసి పంపుకునేదాన్ని. ఇన్ని చేస్తూ వంట కూడా చేశాను. ఆమెకు తెలిసిన విషయాలు నాకు తెలియవు. టపాసంచి కట్టే తాడు ఎలా ఉంటుందో ఆమె చెప్పింది. భాష గురించి అయితే ఒక సాయంత్రమంతా పంచాయతీ పెట్టింది.

"సర్వేయరు ఇంక 'ఏమండీ, వచ్చేశానండీ' అనుడేంది? పదేండ్లయింది మా దిక్కు వచ్చి. భాష అంటుకోదా మనిషికి? మా దిక్కు నీళ్లు తాగి, మా జొన్న భాకరి తిని, 'వచ్చేశానండీ' అంటడా? గది మా నిర్మల్‌కు ఇజ్జత్ తక్వ."

ముప్పయ్యో భాగంలో సర్వేయరు మొట్టమొదటిసారి "జర ఆగు" అన్నాడు. పోస్టమ్మను పట్టుకుని, ఆమె టపా సంచి తీసుకుని వెళ్లిపోతుంటే. పెద్ద గొడవైంది. మా సర్వేయరు అలా మాట్లాడడు అని ఒకామె నాలుగు పేరాలు రాసింది. ఇంకొకామె, ఆ "జర" దగ్గర నా ప్రాణం పోయింది, మళ్లీ అనిపించండి, అంది. చదివి వినిపిస్తే అత్తమ్మ నవ్వింది. ఆమె పళ్లు కనిపించేలా నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

సర్వేయరు తల్లి భాగాలు వచ్చినప్పుడల్లా నేను గబగబా చదివి దాటించేదాన్ని. ఆమె ఏమీ అనేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, పెసరపప్పు పులుసు తిని ఇద్దరం చాప మీద కూర్చున్నాక, తనే ఎత్తింది.

"గా ముసల్ది మంచిగున్నది."

"ఏ ముసల్ది?"

"సర్వేయరు తల్లి. గా ఇంట్ల తెలివున్నది గామెకొక్కదానికే. మిగిలినోళ్లు ఊకె ముద్దులు పెట్టుకుంటున్నరు. గామె చక్కెర దాస్తది గాబట్టి ఇల్లు నడుస్తుంది." కొంచెం ఆగింది. "గని గామెకెవ్వరు లేరేంది? పొద్దు పొద్దున్నె అద్దంల సూసుకొని తల దువ్వుకుంటదని రాసినవ్. ఎవలి కోసం దువ్వుకుంటది? గది రాయనే రాయలే."

నేను పళ్లేలు ఎత్తబోయాను. అప్పుడు చెవికి తట్టింది. రాసింది అనలేదు. రాసినవ్ అంది.

"అత్తమ్మా."

"ఔ."

"ఎప్పటిసంది ఎరుక?"

"మూడు దినాలకే ఎరుకైంది. సదివేటోళ్లు ఆడాడ ఆగుతరు, తడుముకుంటరు. నువ్వు ఫోను దిక్కు సూడకుంట చెప్పుకుంట పోతున్నవ్. ఒక కన్నుకే గద ఆపరేషను చేసిన్రు, ఇంకోటి కనవడది అనుకున్నవా? ఇగ నేను కామెంటు పంపుతే నీ సంచి మోగుడొకటి. నీ కంపెనీకి నా ముచ్చటతోని ఏం పని?"

భూమి చీలితే బాగుండుననిపించే సందర్భం అది. కానీ ఆమె ముఖంలో కోపం లేదు. పళ్లెంలో మిగిలిన వడియం ముక్క నోట్లో వేసుకుంది. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు సిగ్గువడి మంచిగ రాయవు. ముద్దుల కాడ గిట్ల నీళ్లు కలుపుతవ్."

నాకు కాస్త ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు కథకుల బుద్ధి కూడా వచ్చింది. మామ పోయినప్పుడు ఆమెకు నలభై దాటి రెండో మూడో ఏళ్లు. ఆ తరువాత ఇంకో ఐదేళ్లు, కొడుకు చదువు అయ్యేదాకా, ఆ బొగ్గుబాయి ఊళ్లోనే ఉంది. ఎవరో ఉండే ఉంటారు. కంపెనీ ఆస్పత్రిలో ఒక కాంపౌండరు, లేదా లైబ్రరీలో ముద్ర వేసే మనిషి. మెల్లగా, చాలా లోతైన గొంతుతో అడిగాను.

"అత్తమ్మా, నీకు గూడ ఎవరన్న... అప్పట్ల..."

ఆమె నల్లద్దాలు తీసి నన్ను చూసింది. చాలా జాలిగా.

"నాకెవ్వరు లేరే. ఉంటే కూసుండి నీ కథ ఎందుకు వింట? ప్రతి ఒక్కదానికి ఎన్క ఒక ముచ్చట ఉండాల్నా? మీ మామ మంచోడే, పోయిండు, ఏడ్చిన, అయిపోయింది. నాకు మల్ల పెండ్లి సోకు లేదు. నాకు టీవీ ఉన్నది. గని గామెకు ఉన్నది సోకు. నువ్వే రాసినవ్, నాకెందుకు తెల్వకుంట పోతది? గామెకు జెయ్యి పెండ్లి."

చేశాను. ఎవరితో చేయాలన్న దాని మీద వారం రోజులు కొట్లాడుకున్నాం. రిటైరైన హెడ్మాస్టరు అన్నాను నేను. ఇంట్ల గూడ పాఠం చెప్తడు, వద్దు, అంది. వైద్యుడు అంటే, గామెకు రోగమేం లేదు, అంది. చివరికి అడవి శాఖలో పనిచేసి రిటైరైన ఒక రేంజరు కుదిరాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు, చెట్ల పేర్లు తెలుసు, తన చొక్కా తనే ఉతుక్కుంటాడు. ఈ చివరిది అత్తమ్మ పెట్టిన షరతు. ముప్పై ఎనిమిదో భాగంలో రేంజరు సర్వేయరు తల్లికి అడవి నుంచి ఒక దువ్వెన తెచ్చి ఇచ్చాడు, తను చెక్కింది. నలభై ఒకటో భాగంలో ఇద్దరూ రిజిస్టరు ఆఫీసుకు వెళ్లారు. సర్వేయరూ పోస్టమ్మా సాక్షి సంతకాలు పెట్టారు.

పాఠకుల్లో మూడో వంతు వెళ్లిపోయారు. అరవై దాటిన విధవకు పెళ్లేమిటని కొందరు. యువ జంటను పక్కన పెట్టి ముసలివాళ్ల శృంగారం ఎవరికి కావాలని కొందరు. మహానవల ఆత్మ ఘోషిస్తోందని ఒకాయన. అత్తమ్మ వాటిని ఓపిగ్గా విన్నది, కళ్లు బాగై తనే చదవడం మొదలుపెట్టాక కొందరికి తనే జవాబులు రాసింది. ఆ జవాబులు ఇక్కడ రాయదగినవి కావు.

తరువాత మస్కట్‌కు కూడా వార్త అందింది. అందించింది అత్తమ్మే, వీడియో కాల్‌లో. నీ పెండ్లాం కథలు రాస్తుంది, వేలమంది సదువుతున్నరు, నువ్వు కరెంటు బిల్లు ముచ్చట తప్ప ఇంకోటి మాట్లాడవు, అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. ఆయన ఆ వారాంతం గదిలో కూర్చుని అన్ని భాగాలూ చదివాడు. సోమవారం ఫోను చేశాడు. కోపగించుకుంటాడేమోనని నేను గోడ వైపు తిరిగి నిలబడి ఎత్తాను.

"సర్వేయరు నేనేనా?" అన్నాడు.

"కాదు."

"పప్పు కంటె ముందుగాల మామిడి తొక్కు కలుపుకొని అన్నం తింటడు గద. నేనే."

"అవును, గంత మటుకు నువ్వే."

"మరి వానికి జుట్టు అంత మంచిగ ఎందుకు పెట్టినవ్?"

మా ఆయన నెత్తి మీద అప్పటికే ఎడారి మొదలైంది. నవ్వేశాను. అటు నుంచి ఆయన కూడా నవ్వాడు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడుకున్నాం. కరెంటు బిల్లు ప్రస్తావన రాలేదు.

అసలు విషయం ఇంకా ఉంది. ఆ చలికాలంలో కరీంనగర్‌లో ఒక హాల్లో ఆ నవల మీద సభ పెట్టారు. పేపర్లో చూసి అత్తమ్మే పోదామంది. ఆటో దిగి వెళ్లి రెండో వరుసలో కూర్చున్నాం. ముఖ్యవక్త ఒక రిటైరైన లెక్చరరు, తెల్ల పంచె, మంచి గొంతు. నవల గురించి నిజంగానే బాగా మాట్లాడాడు. డ్రాయరు తాళం దగ్గర హాల్లో రెండు మూడు చోట్ల ముక్కులు చీదిన చప్పుడైంది. ఆ తరువాత ఆయన గొంతు మార్చాడు.

"ఇవాళ కొందరు ఫోన్లలో ఈ నవలకు కొనసాగింపులు రాస్తున్నారు. ఆ మహనీయ పాత్రలకు బావి దగ్గర స్నానాలు చేయిస్తున్నారు. 'జర ఆగు' అనిపిస్తున్నారు. చివరికి ఆ తల్లిని, ఆ వృద్ధ మాతృమూర్తిని, రేంజరుతో రిజిస్టరు ఆఫీసుకు పంపారు. సాక్షి సంతకం కొడుకు చేత పెట్టించారు."

నా మెడ దానంతట అదే భుజాల్లోకి దిగిపోయింది. ప్రశ్నలుంటే అడగొచ్చని అధ్యక్షుడు అనగానే పక్క కుర్చీ ఖాళీ అయింది. అత్తమ్మ లేచి నిలబడింది.

"సారు, మంచిగ చెప్పిండ్రు. ఒక్క ముచ్చట. సాక్షి సంతకం కొడుకుతోని పెట్టిచ్చిన్రని చెప్పిండ్రు గద. గది నలభై ఒకటో భాగంల ఉన్నది. అంటే నలభై ఒకటి దాంక సదివిండ్రన్నట్టు."

లెక్చరరు మైకు సర్దుకున్నాడు.

"విమర్శ కోసం చదవాలి కదమ్మా."

"సదవాలె సారు. బావి కాడి స్నానం ఇరవై నాలుగుల ఉన్నది. విమర్శకు గది చాలకపాయెనా?"

వెనక వరుసలో కాలేజీ ఆడపిల్లలు ముందు నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకి వేదిక ఎక్కింది. అధ్యక్షుడు నీళ్ల గ్లాసు వెనక ముఖం దాచుకున్నాడు. లెక్చరరు మాత్రం పెద్దమనిషే. కాసేపు పంచె సర్దుకుని, నలభై రెండు కూడా చదివానమ్మా, రేంజరు పాత్ర ఫరవాలేదు, అన్నాడు.

ఇంటికి వచ్చే ఆటోలో అడిగాను, అత్తమ్మా, మరి నవలను మనం నిజంగా ఖరాబ్ చేసినట్టేనా అని. ఆమె చలికి చెవుల మీదుగా స్కార్ఫు కట్టుకుంటోంది.

"నవల గా బీరువల గట్లనే ఉన్నది గద. దానికేమైంది? నేను మొన్న మల్ల సదివిన. మల్ల ఏడ్చిన. గది వేరే, మనది వేరే."

ఎండాకాలంలో మా ఆయన రెండు నెలల సెలవు మీద వచ్చాడు. వస్తూ అత్తమ్మకు చదువుకోవడానికి పెద్ద స్క్రీను ఉన్న ఫోను తెచ్చాడు. ఆయన ఉన్న రెండు నెలలూ నేను ఒక్క భాగం కూడా రాయలేదు. సర్వేయరును గెస్టుహౌసు మెట్ల మీద, ఒక చెప్పు వేసుకుని ఒక చెప్పు చేత్తో పట్టుకున్న స్థితిలో వదిలేశాను. పాఠకులు మొదట మర్యాదగా అడిగారు, తరువాత గట్టిగా అడిగారు, ఆరోగ్యం బాగుందా అని కొందరు నిజంగానే కంగారుపడ్డారు. నేను ఫోను తీసి చూడనైనా లేదు. అత్తమ్మే చూసి చూసి, ఆ కొత్త ఫోనులో, చిలుక పేరు మీద అందరికీ కలిపి ఒకటే జవాబు పెట్టింది:

"రచయిత్రికి ఇంట్ల జర పని ఉన్నది. ఫికర్ చెయ్యకున్రి."